పీతాంబరం కోరుకున్న పచ్చ చెట్లు

ఎర్రగుట్ట కింద ఒక చీనీ తోట ఉంది. వేరే జిల్లాల వాళ్ళు ఆ కాయని బత్తాయి అంటారు గానీ, ఆ సీమలో అలా అంటే ఎవరూ తల తిప్పి చూడరు. చీనీ అనాల్సిందే. మొత్తం అరవై చెట్లు. గుట్ట మీది ఊటబుగ్గలోంచి నీళ్ళు సన్నటి కాలువగా దిగి తోట నడుమకి వస్తాయి. అక్కడ ఒక మడవ. మట్టికట్ట ఇటు తీస్తే తూర్పు పక్క ముప్పై చెట్లకి, అటు తీస్తే పడమటి పక్క ముప్పై చెట్లకి నీళ్ళు పారతాయి.

తోటని చూసుకునేది ఇద్దరు. ఒకరు ఓబులేసు అనే ఎద్దు. దున్నడం, ఎరువు తోలడం, గంపలు సంతకి మోయడం అంతా అతనే. అబద్ధమాడటం ఒక్కటే అతనికి చేతకాదు. జన్మలో ఒక్కసారి ప్రయత్నించాడు, మాట సగంలో ఉండగానే ఎక్కిళ్ళు పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. రెండోది తిమ్మక్క అనే ఉడుత. ఏ చెట్టుకి ఎప్పుడు నీళ్ళు ఆపాలో, ఏ కాయ ఎప్పుడు కోయాలో ఆమెకే తెలుసు. తోక మూడుసార్లు ఆడించకుండా నోరు తెరవదు, తెరిచాక మూయదు.

జంతువుల సంతలో ఆ కాయలిచ్చి ఓబులేసు ఏడాదికి సరిపడా జొన్నచొప్ప తెచ్చుకుంటాడు, తిమ్మక్క నలుగురు పిల్లలకి వేరుశనగ తెచ్చుకుంటుంది. ఆ సీమలో వానని నమ్ముకుని కూర్చుంటే కడుపు నిండదు. తోట పోతే ఇద్దరికీ వేరే దారి లేదు.

అలాంటి తోటలో సగాన్ని ఓబులేసు ఒక్క మాటతో పోగొట్టాడు.

జరిగిందేమిటంటే, కార్తీకంలో అడవిపందులు తోట మీద పడ్డాయి. రెండు రోజులు నానా బీభత్సం చేసి, మూడో రోజు గుట్ట అవతల వేరుశనగ చేలు పండాయని తెలిసి అటు పోయాయి. అవి పోయిన గంటకి పీతాంబరం అనే నక్క కుంటుకుంటూ వచ్చాడు. ముళ్ళకంపలో గీరుకున్న కాలు ముందుకి చాపి చూపించాడు.

"అల్లుడా ఓబులేసూ! నలభై పందులప్పా! ఒక్కణ్ణే తరిమినా. చూడు ఈ దెబ్బ. నీ మీద అభిమానం కొద్దీ ప్రాణం పణంగా పెట్టినా."

ఓబులేసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో మామా! నీ రుణం ఎట్ల తీర్చుకునేది? తోటలో సగం నీదే పో!"

చెట్టు మీద ఉన్న తిమ్మక్కకి నోట్లో గింజ జారి కింద పడింది. ఆమె దిగి వచ్చేలోపే పీతాంబరం ఉడుము తాతని పిలుచుకొచ్చి సాక్ష్యం పెట్టేశాడు. ఉడుము తాత ఆ గుట్ట మొత్తానికీ పెద్దమనిషి. ఒక మాట పట్టుకున్నాడంటే రాతిని పట్టినట్టు పడతాడు, ఇక వదలడు.

"ఇచ్చిన మాట ఇచ్చిందే," అన్నాడు తాత. "సగం నక్కది. ఏ సగమో వచ్చే నెల నేనొచ్చి తేలుస్తా."

ఇంతకీ నక్కకి చీనీకాయలెందుకంటారా? కోళ్ళని విందుకి పిలవాలని. ముందు కోళ్ళకి చీనీరసం, ఆ తర్వాత నక్కకి భోజనం. ఆ రెండో భాగం సంగతి పీతాంబరం ఆహ్వానంలో చెప్పలేదు.

"ఏమన్నా, నీకు బుద్ధుండాదా?" అని ఆ పూటంతా తిమ్మక్క ఓబులేసు కొమ్ము మీద కూర్చుని చెవిలో పోరు పెట్టింది. "పందులు వాటంతట అవే పోయినాయి! ఆ దెబ్బ కంపది! నా బిడ్డల నోట్లో మట్టి కొట్టినావు కదన్నా!"

"మాట ఇచ్చేసినా తిమ్మక్కా," అన్నాడు ఓబులేసు తల వంచుకుని. "ఇప్పుడేమి చేయల్ల?"

ఏం చేయాలో తిమ్మక్కకీ తెలియలేదు. తెలిసిన పని ఒకటే, తోట పని. చలి మొదలవగానే ఆమె ఎప్పటిలాగే తూర్పు పక్కకి నీళ్ళు ఆపించింది.

ఇక్కడ చీనీ చెట్టు గుణం ఒకటి చెప్పుకోవాలి. దానికి ఎప్పుడూ నీళ్ళు పారిస్తూ ఉంటే ఆకు మీద ఆకు వేసి హాయిగా కూర్చుంటుంది, పూత ఊసే ఎత్తదు. అందుకని ఏడాదికోసారి ఓ నెల రోజులు నీళ్ళు మానేసి ఎండగడతారు. పాదుల్లో పైపైన దున్ని వేళ్ళకి ఎండ తగలనిస్తారు. ఆకులు వాడి, పసుపెక్కి, రాలిపోతాయి. చూసేవాళ్ళకి చెట్టు చచ్చిపోయిందనే అనిపిస్తుంది. నెల తిరగ్గానే ఎరువు వేసి నీళ్ళు వదిలితే, చావు తప్పిందన్న సంతోషంలో కాబోలు, కొమ్మకొమ్మకీ పూస్తుంది. అరవై చెట్లూ ఒకేసారి పూస్తే కోయడానికి చేతులు చాలవు కాబట్టి తిమ్మక్క ముందు తూర్పు పక్క, నెల తర్వాత పడమటి పక్క ఎండగట్టేది.

ఉడుము తాత పంపకానికి వచ్చిన రోజుకి తూర్పు పక్కకి నీళ్ళు ఆపి పదిహేను రోజులైంది. ఆ ముప్పై చెట్లూ ఆకు రాల్చి, దెయ్యాల్లా పుల్లలు చాచుకుని నిలబడ్డాయి. పడమటి పక్క ముప్పై మాత్రం కళకళలాడుతున్నాయి.

"కోరుకోరా పీతాంబరం," అన్నాడు తాత.

నక్క పచ్చ చెట్లే కోరుకుంటాడని తిమ్మక్కకి నమ్మకం. కోరుకుంటే చాలు, ఈ ఏటికి గండం గట్టెక్కినట్టే. ఎవరూ నోరు మెదపకపోతే అయిపోతుంది. ఓబులేసు కాలు తొక్కుదామనుకుంది. కానీ ఉడుత తొక్కితే ఎద్దుకి తెలుస్తుందా?

పీతాంబరం ఇటు చూశాడు, అటు చూశాడు. నోరు తెరవబోయాడు.

"మామా!" అన్నాడు ఓబులేసు. "నువ్వు మాకు మేలు చేసినోడివి. నిన్ను మోసం చేస్తే నాకు నిద్ర పట్టదు. ఆ ఎండిన చెట్లే తీసుకో. కాపు వచ్చేది వాటికే."

'అయిపాయ! ఈ ఎద్దు నోరు పాడుగానూ, అంతా ముంచేసినాడు!' అనుకుని తిమ్మక్క తోకతో కళ్ళు మూసుకుంది.

మెల్లిగా ఒక కన్ను తెరిచింది. పీతాంబరం ఓబులేసుని ఎగాదిగా చూస్తున్నాడు. చూసి చూసి, ఒక్కసారిగా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి నీ! ఎద్దులు కూడా నేర్చుకున్నాయప్పా! ఎండిపోయిన కట్టెలు నాకంటగట్టి, పచ్చ చెట్లు మీరు నొక్కేద్దామనా? ఈ పీతాంబరం చెవిలో పూలు కనిపిస్తాండాయా?"

"లేదు మామా, దేవుడి తోడు..."

"దేవుణ్ణి కూడా లాగినాడు చూడు తాతా! అంటే కచ్చితంగా మోసమే."

తిమ్మక్క రెండో కన్ను కూడా తెరిచింది. ఆమెకి లోపల ఏదో గిలిగింతలు పెట్టినట్టయింది. ఈ నక్కకి నిజం చెబితే నమ్మడు! ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ తనకి తట్టనే లేదు. ఒక్క దూకు దూకి నక్క ముందు వాలింది.

"ఓబులేసన్న చెప్పింది నిజం మామా! మేమే నీళ్ళు ఆపినాము. ఇంకో పదిహేను రోజులు ఆపి, ఆమీట నీళ్ళు వదిలితే విరగబూస్తాయి. పచ్చగా ఉండాయని అవి తీసుకుంటే నష్టపోతావు. నీ మంచి కోరి చెప్తాండా. ఎండువే తీసుకో మామా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు, నక్క మంచి కోరడం అన్నది తప్ప.

"కాళ్ళు వదులు కోడలా," అన్నాడు పీతాంబరం మీసం దువ్వుకుంటూ. "ఇంత బతిమాలుతాండావంటే సంగతి అర్థమైపోయింది. తాతా, పడమటి పక్క పచ్చ చెట్లు నావి. రాసుకో."

"అయింది," అన్నాడు తాత.

"ఇంకొకటి. చచ్చిన చెట్లకి నీళ్ళెందుకు? దండగ. మడవ నా చేతిలో ఉండల్ల. నీళ్ళన్నీ నాకే."

"ఒప్పుకుంటిమి, ఒప్పుకుంటిమి!" అంది తిమ్మక్క గెంతుతూ. తూర్పు పక్కకి ఒక్క చుక్క కూడా పోకూడదు కదా ఇప్పుడు. కావలి కాయడానికి నక్కే దొరికాడు, అదీ ఉత్త పుణ్యానికి!

"అయింది," అన్నాడు తాత మళ్ళీ.

ఆ పదిహేను రోజులూ పీతాంబరం మడవ మీదే కాపురం పెట్టాడు. తూర్పు వైపు చెమ్మ కనిపిస్తే చాలు, పరిగెత్తి మట్టి తెచ్చి మెత్తేవాడు. తన చెట్లకి మాత్రం పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం నీళ్ళు, సాయంత్రం నీళ్ళు. తిమ్మక్క కొమ్మ మీద కూర్చుని ఆ వైభోగం చూసి నవ్వీ నవ్వీ రెండుసార్లు కింద పడింది. ఓబులేసు తూర్పు పాదులు దున్ని, గుట్ట కింది మేకల పెంట మోసుకొచ్చి చెట్టు చెట్టుకీ వేశాడు.

పదిహేనో రోజు పొద్దున ఓబులేసు వచ్చి నిలబడ్డాడు. "తిమ్మక్కా, నెల నిండింది. పుల్లలు విరిస్తే ఇంకా లోపల పచ్చి ఉండాది. ఈ రెండు మూడు రోజుల్లో నీళ్ళు పెట్టకపోతే నిజంగానే చస్తాయి. నీళ్ళు యాడివి?"

తిమ్మక్క నవ్వు ఆగిపోయింది.

నీళ్ళు నక్కవి. తనే ఒప్పుకుంది, గెంతి మరీ ఒప్పుకుంది. తాత 'అయింది' అన్నాడంటే అయిందే. ఓబులేసు నోరు జారాడని అన్ని తిట్లు తిట్టిన తను, సంబరంలో ఏం చేసింది? తోట గొంతు నులిమి పెట్టింది. ఇంట్లో నలుగురు పిల్లలు గుర్తొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది.

"నేను పోయి అడుగుతా," అన్నాడు ఓబులేసు. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. "మామా, నీళ్ళు ఎక్కువైతే నీ చెట్లకి బంక కారే తెగులు వస్తాది. మాకు వదిలితే నీకూ మేలు, మాకూ మేలు."

"పచ్చి నిజంలా చెప్తావే అబద్ధాలు!" అని పీతాంబరం మెచ్చుకుని, కట్ట మీద ఇంకో నాలుగు దోసిళ్ళ మట్టి వేశాడు.

నిజం మొన్న కాపాడింది, ఇవాళ కొంప ముంచుతోంది. అబద్ధం చెబుదామా అంటే నక్క ఆ విద్యలో ఆరితేరినవాడు, ఇట్టే పట్టేస్తాడు. తిమ్మక్క పడమటి పక్కకి వెళ్ళి చూసింది. పదిహేను రోజుల నీళ్ళకి నేలంతా మోకాలి లోతు బురద. పీతాంబరం ఒక కాలు తీస్తే ఇంకో కాలు దిగబడుతోంది. బురద మీద ఈగలు, దోమలు.

తిమ్మక్క తోక మూడుసార్లు ఆడింది.

"మామా, ఊరికే అడుగుతాండా. పందులకి బురదంటే ఇష్టమా?"

పీతాంబరం పైకి తీసిన కాలు గాల్లోనే ఆగింది. "ఎందుకడుగుతాండావు?"

"ఏమీ లేదు. వేరుశనగ చేలు పీకేసినారు కదా, అవి ఇప్పుడు యాడికి పోతాయబ్బా అని. ఈ చుట్టుపక్కల ఇంత మంచి బురద ఇంకెక్కడా లేదు. గుట్ట ఎక్కితే ఎంత దూరానికైనా తళతళా కనిపిస్తాది."

"వ... వస్తాండాయని ఎవరైనా చెప్పినారా?"

"నాకెవరు చెప్తారు మామా! అయినా మాకేమి భయం? నలభై పందుల్ని ఒక్కడివే తరిమినోడివి. వస్తే ఆ తమాషా చూద్దామని పిల్లల్ని కూడా పిలుచుకొస్తా. నువ్వు కొట్టే దెబ్బలు బాగా కనబడల్లంటే ఏ కొమ్మ మీద కూర్చోల్ల మేము?"

పీతాంబరం ముఖం తెల్లబడింది. నక్క ముఖం తెల్లబడటం చూడాలంటే దగ్గరగా చూడాలి. తిమ్మక్క దగ్గరగానే చూసింది.

"కోడలా," అన్నాడు పీతాంబరం. "నాకు ఒకటి తోచింది. పాపం మీ చెట్లు చచ్చిపోయినాయి. చూస్తే కడుపు తరుక్కుపోతాంది. నీళ్ళు మీరే తీసుకోండి."

"వద్దులే మామా, తాత నీకే అని..."

"తాతకి నేను చెప్తా! ఈ నీళ్ళు మీవి. ఎప్పటికీ మీవే. ఆ బురద కూడా మీదే!" అంటూనే మడవ మీద పడి రెండు చేతులా మట్టి లాగాడు. పదిహేను రోజులు మెత్తిన కట్ట పదిహేను క్షణాల్లో కొట్టుకుపోయింది. నీళ్ళు గలగలా తూర్పుకి తిరిగాయి. పీతాంబరం ఆ ఊపులోనే పరిగెత్తి ఉడుము తాతని నిద్ర లేపి మాట ఇచ్చేశాడు.

"అయింది," అన్నాడు తాత ఆవలిస్తూ.

ఆ వారంలో పందులు వచ్చాయా? రాలేదు. వేరుశనగ చేల తర్వాత అవతల కందిచేలు ఉన్నాయి, వాటికేం లోటు!

తూర్పు పక్కలో మాత్రం పన్నెండో రోజున పుల్లల మీద పెసరగింజంత మొగ్గలు కనిపించాయి. పదహారో రోజుకి తోట తెల్లబడింది. ఆ వాసనకి తేనెటీగలు దారి తప్పి ఒకదానికొకటి గుద్దుకున్నాయి. ఓబులేసు గాలి పీల్చుకుంటూ నిలబడి మేత మర్చిపోయాడు. తిమ్మక్క ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి, ఆ కొమ్మ నుంచి ఈ కొమ్మకి దూకుతూ, పూలని లెక్కపెట్టడం మొదలుపెట్టి, ప్రతిసారీ మధ్యలో మర్చిపోయి, మళ్ళీ మొదటికి వచ్చి, అదో సంబరంగా పొద్దంతా గడిపేది.

"పూలేగా!" అన్నాడు పీతాంబరం అవతల నుంచి. "పూలు వండుకుని తింటారా?"

పూలు పిందెలయ్యాయి. కొన్ని రాలాయి, రాలాల్సినన్నే రాలాయి. ఎండాకాలం ఓబులేసు పాదుల్లో ఎండుటాకులు పరిచి చెమ్మ కాపాడాడు. తొలకరికి నిమ్మకాయంత, శ్రావణానికి పిడికిలంత, భాద్రపదం వచ్చేసరికి కాయల బరువుకి కొమ్మలు నేలకి వంగి, కిందంతా ఊతకర్రలు పెట్టాల్సి వచ్చింది. పీతాంబరం చెట్లు మాత్రం ఆకులు వేశాయి. మళ్ళీ ఆకులు వేశాయి. మొదళ్ళలో బంక కారింది. ముప్పై చెట్లకీ కలిపి పదకొండు కాయలు కాశాయి. అందులో రెండు చిలకలు కొరికినవి.

కోత రోజు వచ్చింది. చీనీని పీకకూడదు, తొడిమ ఊడితే కాయ నిలవుండదు. తిమ్మక్కా, నలుగురు పిల్లలూ తొడిమని పుటుక్కున కొరికితే, కాయ కింద గడ్డి పరిచిన గంపలో పడుతుంది. గంపలు వీపుకి కట్టుకుని ఓబులేసు కొమ్మ కింద నుంచి కొమ్మ కిందికి జరుగుతాడు. పుటుక్కు, ధబ్. పుటుక్కు, ధబ్. సరిగ్గా ఆ సమయానికే పీతాంబరం విందుకి పిలిచిన కోళ్ళు పిల్లాపాపలతో దిగాయి. పడమటి పక్క చూసి, పెదవి విరిచి, తూర్పు పక్కకి నడిచి, ఓబులేసు కాళ్ళ మధ్య భద్రంగా కూర్చుని చీనీరసం తాగడం మొదలుపెట్టాయి.

అది చూసి పీతాంబరానికి కడుపు మండిపోయింది. ఉడుము తాతని లాక్కొచ్చి అందరి ముందూ నిలబెట్టాడు.

"తాతా! నన్ను దగా చేసినారు! నాకు న్యాయం చేయల్ల!"

"ఎట్ల దగా చేసినారు?"

"పందులొస్తాయని చెప్పి నా నీళ్ళు కాజేసింది ఈ ఉడుత!"

"వస్తాయని చెప్పిందా?"

పీతాంబరం తడబడ్డాడు. "చెప్పలేదు. పందులకి బురదంటే ఇష్టమా అని అడిగింది."

"నలభైని తరిమినోడివి, బురద పేరు చెబితే ఎందుకు జడిసినావురా?"

కోళ్ళు కిచకిచా నవ్వాయి. పీతాంబరం ఆ సంగతి వదిలేసి కాలు నేలకేసి కొట్టాడు.

"సరే, అది పక్కన పెట్టు! పంపకం రోజున ఏమి చేసినారో అది చెప్పు. నువ్వూ ఉన్నావు కదా, విన్నావు కదా!"

"విన్నా. ఏమన్నారు?"

"ఎండు చెట్లకే కాపు వస్తాది, అవే తీసుకో అన్నారు."

"వచ్చిందా కాపు?"

పీతాంబరం తూర్పు పక్క చూశాడు. ఊతకర్రలు విరిగేలా ఉన్నాయి. "వచ్చింది."

"మరి అబద్ధమెక్కడ?"

"అదే కదా తాతా!" అని గొంతు చించుకుని అరిచాడు పీతాంబరం. "నిజం చెప్పినారు! ఇద్దరూ కలిసి, నా కళ్ళలోకి చూసి, పచ్చి నిజం చెప్పి నన్ను మోసం చేసినారు!"

మొదట నవ్వింది ఉడుము తాత. ఆయన నవ్వగా ఆ గుట్టలో ఎవరూ చూడలేదు. కోళ్ళు రసంలో పొలమారాయి, పిల్ల ఉడుతలు గంపల్లోకి దొర్లాయి, ఓబులేసు అంత పెద్ద శరీరమూ కదిలేలా నవ్వితే వీపు మీది గంపలోంచి కాయలు జలజలా రాలాయి. వాటిలో ఒకటి దొర్లుకుంటూ పోయి పీతాంబరం కాళ్ళ దగ్గర ఆగింది.

"తీసుకో మామా," అన్నాడు ఓబులేసు మనస్ఫూర్తిగా. "చానా తియ్యగుంటాది."

పీతాంబరం ఆ కాయని అనుమానంగా వాసన చూశాడు, ఎగాదిగా చూశాడు, కాలితో తన్ని, తోక ముడుచుకుని గుట్టెక్కాడు. ఆ కాయ నిజంగానే చాలా తియ్యగా ఉంది. కోళ్ళు తిని చెప్పాయి.

నీతి: ఎవరు చెప్పినా నిజాన్ని నమ్మలేనివాణ్ణి మోసం చేయడానికి వేరెవరూ అక్కర్లేదు.